పంపు గది వెనకాల జాగా

నాకు కోపం వచ్చినప్పుడు గుండీలు కుడతాను. అరవడానికి నోరు లేక కాదు. నా నోరెలాంటిదో మా నాలుగు బ్లాకుల్లో ఎవరినడిగినా చెబుతారు. కానీ టైలరు దుకాణం నడుపుకునే మనిషి పొద్దస్తమానం కేకలేస్తూ కూర్చుంటే గిరాకీ వస్తుందా? అందుకని ఏదో ఒక చొక్కా ముందుకు లాక్కుని, ఎవరి మీద కోపమో వాళ్ళ మొహం తలుచుకుంటూ గుండీ బిగించి కుడతాను. మా చెల్లెలు ఆ జాగా కోసం తిరిగిన ఏడాది నేను కుట్టిన గుండీలున్నాయే, చొక్కాలు చిరిగి పీలికలైనా అవి ఊడవు.

మా చెల్లెలు నగర కార్యాలయంలో పార్కుల విభాగంలో ప్లాన్లు గీస్తుంది. నా మెడలో ఒక టేపుంటే దాని చేతిసంచీలో ఒక టేపుంటుంది. నాది మనుషుల్ని కొలవడానికి, దానిది మనుషులు తిరిగే చోట్లని కొలవడానికి. నా పెళ్ళిలో అందరూ ఫోటోలు దిగుతుంటే ఇది భోజనాల బల్లల కింద దూరి సందులు కొలుస్తోంది. "రెండు చేతుల్లో పళ్ళేలు పట్టుకున్నవాడు ఇందులోంచి ఎలా వెళ్తాడక్కా?" అని పెళ్ళికూతుర్ని నన్ను పట్టుకుని అడిగింది. అప్పుడే తిట్టాల్సింది. మొహానికి రంగు పూసుకుని ఉన్నానని ఊరుకున్నాను.

తన కాపురం నా దుకాణం ఉన్న బ్లాకులోనే, మూడో అంతస్తులో. రెండు గదులు, ఒకే ఒక్క కిటికీ ఉన్న వంటిల్లు. మా మరిది ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసే మనిషి, నోట్లో నాలుక లేదు. వాళ్ళకొక్కతే కూతురు, పద్నాలుగేళ్ళది. ఏదైనా చెప్పమంటే ముందు కాసేపు గొణిగి, ఆ తర్వాత గానీ మాట్లాడదు. అందుకే ఇంటిల్లిపాదీ దాన్ని గొణుగుడు అని పిలుస్తాం.

ఈ గొడవంతా ఆ గొణుగుడు బడి గౌనుతో మొదలైంది. ఒకరోజు సాయంత్రం అది దుకాణంలోకి వచ్చి గోడకి వీపానించి నిలబడింది. ఎంత పిలిచినా కదలదు. చెయ్యి పట్టుకుని తిప్పి చూస్తే గౌను వెనకాలంతా నల్లటి మరక. బండ్ల ఇంజన్లలోంచి తీసిన పాత నూనె. మా బ్లాకు మెట్ల మీద పిల్లలు కూర్చోకుండా ఉండాలని అసోసియేషన్ సెక్రటరీ గారు ఆ నూనె తెప్పించి మెట్లకి పూయించారట. నాలుగు బ్లాకుల పిల్లలు సాయంత్రం పూట చేరి కబుర్లు చెప్పుకునేది ఆ మెట్ల మీదే. నాకు ఒళ్ళు మండిపోయింది. కత్తెర చేతిలో ఉండగానే బయల్దేరాను. తర్వాత గుర్తొచ్చి కత్తెర పెట్టేసి వెళ్ళాను.

"మెట్లకి నూనె పూయించింది మీరేనా?" అన్నాను.

"పూయించకపోతే ఎలాగమ్మా? సాయంత్రమైతే చాలు, గుంపులు గుంపులుగా చేరిపోతున్నారు. వచ్చేపోయేవాళ్ళకి దారుండద్దూ?"

"మరి ఎక్కడ కూర్చోమంటారు?"

"ఇళ్ళల్లో కూర్చోవచ్చుగా."

"ఇళ్ళల్లో ఎక్కడో మీరే చూపించండి. ముందు గదిలో ముసలాయన దగ్గు, వెనక గదిలో చంటిపిల్ల ఏడుపు, మధ్యలో టీవీ. మీరైతే పొద్దున బెంచీ మీద, సాయంత్రం బెంచీ మీద. వాళ్ళు మాత్రం ఇంట్లో పడుండాలా?"

"మా కాలంలో మేమిలా తిరిగామా?"

"మీ కాలంలో ఎటు చూసినా ఖాళీ జాగాలే. వాటి మీద బ్లాకులు కట్టుకుని మీరే కాపురం ఉంటున్నారు."

ఆయన తలుపేసుకున్నాడు. నేను దుకాణానికొచ్చి ఒక కోటుకి ఉండాల్సిన దానికన్నా ఎక్కువ గుండీలు కుట్టేశాను.

మా చెల్లెలు అరవలేదు. గౌను చేతిలోకి తీసుకుని మరక ఎంత వెడల్పుందో చూసింది. "ఇన్ని పార్కులు గీశానక్కా," అంది. "ఊయలలు చిన్నపిల్లలకి, నడక దారి పెద్దవాళ్ళకి. మధ్యలో ఉన్నవాళ్ళు నాకు గుర్తే రాలేదు. ఊయలెక్కితే తిడతాం, బెంచీ మీద కూర్చుంటే అనుమానిస్తాం." నాకు అప్పుడు అదెంత ముద్దొచ్చిందో చెప్పలేను.

పంపు గది వెనకాల కొంత జాగా ఉండేది. విరిగిన కుర్చీలు, తుప్పు పట్టిన సైకిళ్ళు పడేసే చోటు. అసోసియేషన్ వాళ్ళు దాన్ని కార్లు పెట్టుకోవడానికి బాగుచేద్దామనుకుంటున్నారు. మా చెల్లెలు తన ఆఫీసులో కాళ్ళావేళ్ళా పడి, జాగా అసోసియేషన్ ఇస్తే కట్టుబడి నగర కార్యాలయం చూసుకునేలా ఒప్పించింది. అసోసియేషన్ కూడా ఒప్పుకుంది గానీ ఒక మెలిక పెట్టింది. ఏడాది చూస్తారట. పిల్లలు వాడుకుంటే సరే, వాడుకోకపోతే పడగొట్టి కార్లకి ఇచ్చేస్తారట. పిల్లలు రారనే వాళ్ళ నమ్మకం.

గీయడానికి ముందు మా చెల్లెలు చేసే పనొకటుంది. ఊరికే కూర్చుని చూస్తుంది. ఆఫీసు నుంచి రాగానే నా దుకాణంలో స్టూలు మీద కూర్చుని, పిల్లలు ఎక్కడ ఆగుతున్నారో, ఎటు తిరిగి నిలబడుతున్నారో చూసేది. మగపిల్లలు నూనె లేని ప్రతి చోటా కూర్చునేవాళ్ళు. ఆడపిల్లలు మాత్రం ఎక్కడా కూర్చునేవాళ్ళు కాదు. ప్రతి పిల్ల చేతిలోనూ చెత్త సంచీ ఉండేది.

"చూశావా అక్కా, మన బ్లాకుల్లో ఆడపిల్లలున్న ఇళ్ళల్లోనే ఇంత చెత్త ఎందుకొస్తోంది?" అంది ఒకరోజు.

చూస్తే నిజమే. సగం కూడా నిండని సంచీ పట్టుకుని దిగుతారు. డబ్బా దగ్గర ఆ సంచీ పట్టుకునే ఎంతోసేపు మాట్లాడుకుంటారు. ఎవరైనా పెద్దవాళ్ళు వస్తే సంచీ డబ్బాలో పడేసి నడక మొదలుపెడతారు. ఖాళీ చేతులతో నిలబడితే ఇక్కడేం పనమ్మా అని అడిగేవాళ్ళే అందరూ. కంపు కొట్టే చెత్తడబ్బా పక్కన నిలబడి నవ్వుకోవాల్సిన ఖర్మ ఏం పట్టింది ఆ పిల్లలకి? ఇన్నాళ్ళూ నా కళ్ళెదుటే జరిగింది, నాకు కనిపించనే లేదు. నా మీద నాకే చిర్రెత్తుకొచ్చింది.

ఒక సెలవు రోజున మా చెల్లెలు ఎక్కడో పని అయిపోగా మిగిలిన ఇటుకలు తెప్పించి పంపు గది వెనకాల పోయించింది. పిల్లలందర్నీ పిలిచి, "మీకెలా కూర్చోవాలనుందో అలా పేర్చుకోండి," అంది. మగపిల్లలు చిటికెలో ఒక బల్లా, దాని చుట్టూ దిమ్మలూ పేర్చేసి దాని మీదెక్కి గెంతారు. ఆడపిల్లలు చాలాసేపు గుసగుసలాడుకుని, తర్వాత అర్ధచంద్రంలా ఒక గోడ పేర్చడం మొదలుపెట్టారు. వీపు గోడకి, కళ్ళు దారికి. ఎవరు వస్తున్నారో తమకి తెలియాలి, తామెవరో వచ్చేవాళ్ళకి తెలియకూడదు. పైన ఏదైనా కప్పమన్నారు. "ఎండకా?" అని అడిగాను. మా గొణుగుడు కాసేపు గొణిగి, "కిటికీలకి పెద్దమ్మా," అంది.

మా చెల్లెలు అదే గీసింది. అసోసియేషన్ మీటింగులో గోడ బదులు ఇనుప గ్రిల్లు పెట్టమన్నారు, వద్దంది. కెమెరా పెట్టమన్నారు. అప్పుడు చూడాలి దాన్ని! పుట్టి బుద్ధెరిగాక దాని గొంతు అంత పైకి లేవడం నేను వినలేదు. "మీ బెంచీకి కెమెరా పెట్టిస్తాను, కూర్చుంటారా?" అని ప్రెసిడెంటు గారిని మొహం మీదే అడిగేసింది. కెమెరా మాట మళ్ళీ ఎత్తలేదెవరూ. ఆ రోజు ఇంటికొస్తుంటే నా చెల్లెలని అందరికీ కేకేసి చెప్పాలనిపించింది.

కట్టడం అయిపోయింది. అర్ధచంద్రపు గోడ, దాని చుట్టూ అరుగు, పైన ఏటవాలు రేకు. రేకుకీ పంపు గదికీ మధ్య ఒకచోట కొంచెం ఖాళీ వదిలింది. అదెందుకని అడిగితే గాలికి అంది. నేను టైలర్ని, నాకేం తెలుసు? గాలికే అనుకున్నాను.

మొదట్లో ఎంత బాగుండిందో! సాయంత్రమయ్యేసరికి అటు బల్ల దగ్గర మగపిల్లల గోల, ఇటు రేకు కింద ఆడపిల్లల గోల. ఏం మాట్లాడుకునేవాళ్ళో నాకు వినిపించేది కాదు, నవ్వులు మాత్రం దుకాణం దాకా వచ్చేవి. చెత్త సంచీలు మాయమయ్యాయి. మా గొణుగుడు ఇంటికి వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగి గొణక్కుండానే నాలుగు మాటలు చెప్పి పోయేది.

తర్వాత ఏమైందో ఏమో, ముందు మా గొణుగుడే రావడం మానేసింది. దాని వెనకాలే దాని స్నేహితురాలు, పక్క బ్లాకులో ఉండే పొడుగు పిల్ల మానేసింది. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు ఆడపిల్లలంతా మానేశారు. వాళ్ళు లేకపోయేసరికి మగపిల్లలకీ హుషారు తగ్గింది. మళ్ళీ గేటు దగ్గరికి, రోడ్డు మీదికి పోయారు. రేకు కింద ఆకులు చేరాయి. సెక్రటరీ గారు పొద్దున్నే నడకకి వెళ్తూ నా దుకాణం ముందు పనిగట్టుకుని ఆగి, "చూశారా? వాళ్ళకి కట్టిపెట్టినా రారమ్మా. ఏడాది కావస్తోంది, రంగువాణ్ణి పిలిచి కార్లకి గీతలు గీయిస్తాం," అని పళ్ళికిలించాడు. ఆ పళ్ళకి కాజాలు కుట్టాలనిపించింది.

మా చెల్లెలు బెంగతో చిక్కి సగమైంది. ఆఫీసు నుంచి వచ్చి ఖాళీ అరుగు వంక చూసి మెట్లెక్కిపోయేది. ఒకసారి నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది కూడా. "ఎక్కడ తప్పు గీశానక్కా?" అంది. నాకు ఆ పిల్లల మీద కోపమొచ్చింది. మీకోసం ఇంత చేస్తే మీకు పట్టదా అని.

అందుకే గౌను అంచు మడతపెట్టే వంకతో గొణుగుడిని స్టూలు మీద నిలబెట్టి, నోట్లో గుండుసూదులు పెట్టుకుని అడిగాను. "ఎందుకే మానేశారు? మీ అమ్మ ఎలా అయిపోయిందో కనబడట్లేదా నీకు?"

అది చాలాసేపు గొణిగింది. తర్వాత, "ఆ పొడుగు పిల్ల వాళ్ళింట్లో గొడవలు పెద్దమ్మా. మాతో తప్ప ఎవరితోనూ చెప్పుకోదు. ఒకరోజు అక్కడ కూర్చుని బాగా ఏడ్చింది. మర్నాడు అన్నం తింటుంటే, 'ఆ పొడుగు పిల్ల ఎందుకేడ్చింది?' అని అమ్మ అడిగింది," అంది.

"అయితే?"

"అమ్మకెలా తెలుసు?" అంది గొణుగుడు. "నువ్వెళ్ళి అక్కడ కూర్చుని ఒక్కసారి పైకి చూడు."

ఆ సాయంత్రం దుకాణం వదిలేసి వెళ్ళి రేకు కింద కూర్చున్నాను. నాలుగు బ్లాకుల కిటికీల్లో ఒక్కటి కూడా కనిపించలేదు, అంత బాగా గీసింది. అప్పుడు తల ఎత్తి గాలికని వదిలిన ఖాళీలోంచి చూశాను. అందులో సరిగ్గా ఒక్క కిటికీ ఉంది, మా చెల్లెలి వంటింటి కిటికీ. అందులో మా చెల్లెలు గరిటె పట్టుకుని కిందికి చూస్తోంది. నన్ను చూసి గభాల్న వెనక్కి జరిగింది.

మూడంతస్తులు ఎలా ఎక్కానో నాకు తెలీదు.

"ఆ సెక్రటరీ కెమెరా పెడతానంటే యుద్ధం చేశావు కదే! ఇంట్లో నువ్వే కెమెరా అయి కూర్చున్నావా? సిగ్గు లేదూ? నా దుకాణానికొచ్చి ఎక్కడ తప్పు గీశానని ఏడ్చావే, ఏ మొహం పెట్టుకుని ఏడ్చావు?"

"నేనేం చేశానక్కా? చూశానంతే."

"చూశానంతేనా! ఆ నూనె పూయించినవాడు కూడా పూయించానంతే అంటాడు. నీకూ వాడికీ తేడా ఏంటి?"

ఆ మాట దానికి తగిలింది. తగలాలనే అన్నాను. పొయ్యి ఆర్పేసి కింద కూలబడింది. "భయమేసిందక్కా," అంది. "ఎన్ని వింటున్నాం రోజూ! అందరి పిల్లలకీ గోడ గీశాను. నా పిల్ల దగ్గరికి వచ్చేసరికి చెయ్యాడలేదు. తెలిసే వదిలాను ఆ ఖాళీ."

"ఏం చూశావు మరి ఇన్నాళ్ళూ? ఏం ఘోరాలు చేశారు వాళ్ళు?"

"ఏం లేదు." కొంగు కళ్ళకి అద్దుకుంది. "అక్కడ నవ్వుతుందక్కా, పొట్ట పట్టుకుని. ఇంట్లో అలా ఎప్పుడూ నవ్వదు. అది చూద్దామనే నిలబడేదాన్ని."

నాకు ఇంకా తిట్టాలనే ఉంది. తిట్టలేకపోయాను, ఆ ఉక్రోషంతో వాళ్ళింటి తలుపు ధడాలున వేసి వచ్చేశాను.

మర్నాడు మా చెల్లెలు సెక్రటరీ దగ్గరికెళ్ళి, పైకప్పులో ఆ ఖాళీ మూసేస్తానంది. ఇంకో రేకు ముక్క చాలు. ఆయన వినలేదు. ఏడాది గడువు దగ్గరపడింది కాబట్టి అక్కడ ఒక్క మేకు కూడా కొట్టకూడదన్నాడు. ఎలాగూ పడగొట్టేదానికి రేకెందుకని నవ్వాడట. మా చెల్లెలు వచ్చేసింది. వస్తూ వస్తూ మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చింది.

మేస్త్రీ వంటింట్లో నిలబడి కిటికీనీ, మా చెల్లెలినీ మార్చి మార్చి చూశాడు. "ఇదెందుకు మూయడమమ్మా? ఉన్నదే ఒక్క కిటికీ," అన్నాడు. మా మరిది గుమ్మంలో నిలబడి, "మరి వెలుతురు?" అన్నాడు. ఆయన ఆ నెలంతా మాట్లాడిన మాట అదొక్కటే అనుకుంటాను.

"బల్బు వేసుకుంటాను," అంది మా చెల్లెలు.

నేనే ఆపబోయాను. ముందురోజు అన్ని మాటలన్న నేనే. "ఒసేయ్, పిచ్చా నీకు? తెర కుట్టిస్తాను, మందంగా ఉండే గుడ్డతో. తెర వేసుకుంటే పోదా?"

"తెర తీయొచ్చక్కా," అంది. "ఆ సంగతి వాళ్ళకీ తెలుసు."

మేస్త్రీ ఇటుకలు పేర్చాడు. బయటివైపు సున్నం కూడా వద్దంది, కింద నుంచి చూసినా ఇటుకలు ఇటుకల్లాగే కనబడాలంది. సాయంత్రానికి తెల్లగోడ మధ్యలో ఎర్రటి అతుకు కనబడింది. నాలుగు బ్లాకుల జనం తలలెత్తి చూశారు, మతిపోయిందన్నారు. సెక్రటరీ గారు పరిగెత్తుకొచ్చి బ్లాకు అందం చెడిపోయిందన్నాడు. అంతే, ఏడాది నుంచి గుండీల్లోకి కుక్కిన కోపమంతా బయటపడింది నాకు.

"అందమా? మెట్లకి నల్ల నూనె పూయించినప్పుడు ఏమైంది మీ అందం? ఆడపిల్లలు చెత్తడబ్బా పక్కన నిలబడి మాట్లాడుకున్నప్పుడు బాగుందా మీ కళ్ళకి? వాళ్ళకి గజం చోటివ్వడానికి ఒక తల్లి తన కిటికీ మూసుకోవాల్సొచ్చింది. అది చూసి తలొంచుకోవాల్సింది పోయి సున్నం గురించి మాట్లాడతారా? వెళ్ళండి, మీ కారుకి చెప్పుకోండి!"

ఆయన వెళ్ళిపోయాడు.

గొణుగుడు బడి నుంచి వచ్చేసరికి నేను పైనే ఉన్నాను. వంటింట్లో బల్బు వెలుగుతోంది. అది గుమ్మంలో ఆగి, కిటికీ ఉండాల్సిన చోటుకి వెళ్ళి, తడి ఆరని సిమెంటు మీద వేలు పెట్టి చూసింది. మా చెల్లెలు వెనక్కి తిరగలేదు, ఏదో కడుగుతూనే ఉంది.

"ఉక్కపోయదా నీకు?" అంది గొణుగుడు.

"పోస్తుంది."

కాసేపటికి గొణుగుడు తలుపు దగ్గరికెళ్ళి అలవాటుగా చెత్త సంచీ అందుకుంది. గుమ్మం దాటింది. మళ్ళీ వెనక్కొచ్చి ఆ సంచీ ఉన్న చోటే పెట్టేసి, ఖాళీ చేతులతో మెట్లు దిగి వెళ్ళింది.

ఏడాది గడువు తీరాక, పడగొట్టాల్సిన చోట గుర్తులు పెట్టించడానికి ప్రెసిడెంటు గారు రంగువాణ్ణి వెంటబెట్టుకుని వచ్చిన రోజున రేకు కింద కాలు పెట్టే చోటు లేదు. పొడుగు పిల్ల కూడా ఉంది. ఆయన కాసేపు అటూ ఇటూ తచ్చాడి, వచ్చే ఏడాది చూద్దామని గొణుక్కుంటూ రంగు డబ్బా వెనక్కి పంపించేశాడు. వచ్చే ఏడాది నేనూ ఇక్కడే ఉంటాను, నా నోరూ ఉంటుంది.

మా చెల్లెలు ఇప్పుడు పగలు కూడా బల్బు వేసుకుని వండుతుంది. చెమటకి జాకెట్టు వీపుకి అంటుకుపోతుంది. ఆ వంటింట్లోకి కింది మాట ఒక్కటీ రాదు. నిన్న సాయంత్రం పొయ్యి ఆర్పి నా దుకాణంలోకి వచ్చి, ఎప్పటి స్టూలు మీదే కూర్చుంది. ఆ సమయానికి పంపు గది వెనక నుంచి నవ్వులు వస్తున్నాయి. అందులో మా గొణుగుడు గొంతు నాకు విడిగా తెలుస్తోంది. మా చెల్లెలు మెడ అటు తిప్పి, చెవి రిక్కించి, "అక్కా, అది మనదేనా?" అంది.

"నాకేం వినిపించట్లేదు," అని మిషను గట్టిగా తొక్కడం మొదలుపెట్టాను. "పో, పోయి నీ వంట చూసుకో."

అది లేచి వెళ్ళేదాకా తొక్కుతూనే ఉన్నాను. సూది కింద గుడ్డ లేదు.